ములాఖత్ రిజిస్టర్‌లో మన పేర్లు

నాకు తొమ్మిదేళ్ళప్పుడు మా చిన్నాయన నెలన్నర పాటు సబ్‌జైల్లో ఉన్నాడు. చెరువు పోరంబోకు దగ్గర జరిగిన గొడవలో మా పల్లెలోంచి పదకొండు మంది మీద కేసు పెట్టారు. అందులో ఆయనొకడు. మా నాయనమ్మ నన్ను వెంటబెట్టుకుని ములాఖత్‌కి పోయింది. గేటు దగ్గర బల్ల మీద పొడవాటి రిజిస్టర్ ఉంది. రాసేవాడు ఆమె పేరడిగాడు, మొగుడి పేరడిగాడు, ఊరు అడిగాడు. ఊరు చెబితే సరిపోలేదు. "ఊళ్ళోనా, పల్లెలోనా?" అన్నాడు. "పల్లెలోనే బాబూ" అంది మా నాయనమ్మ. వేలిముద్ర వేయించుకుని లోపలికి పంపాడు.

తర్వాతి వారం మా మేనమామ పోయి చూసొచ్చాడు. రెండు రోజులు గడవకముందే స్టేషన్ నుంచి మనిషొచ్చి ఆయన్ని పేరుపెట్టి పిలిచాడు. "జైలుకెందుకెళ్ళావ్? వాడితో ఏం మాట్లాడొచ్చావ్?" అని అడిగాడు. ఆ రోజు నుంచి మా వాళ్ళల్లో మగాళ్ళెవరూ ములాఖత్‌కి పోలేదు. ముసలామె ఒక్కతే బస్సెక్కి పోయేది. కేసు చివరికి కొట్టేశారు గానీ, ఆ నెలన్నరలో ఆయన్ని చూడటానికి రాని అన్నదమ్ముల మీద మా చిన్నాయనకి కోపం మాత్రం పోలేదు. వాళ్ళు ఎందుకు రాలేదో ఆయనకి ఎవరూ సరిగా చెప్పలేదు.

విశ్వవిద్యాలయానికొచ్చి చట్టాలు, కమిటీ రిపోర్టులు చదవడం మొదలుపెట్టాక నాకు ఈ ప్రశ్న మళ్ళీ ఎదురైంది. గేటు దగ్గర రాసిన పేరు స్టేషన్‌కి ఎట్లా చేరింది? ఆ రిజిస్టర్ ఎవరిది? దాన్ని ఎవరు చూడొచ్చు, ఎవరు చూడకూడదు? జైలు చరిత్ర అనగానే మనకి లోపలున్న పెద్దమనుషులు రాసుకున్న డైరీలు గుర్తొస్తాయి. గేటు బయట సద్దిమూటతో నిలబడ్డవాళ్ళు చరిత్రలో ఎక్కడా లేరు. వాళ్ళ పేర్లున్న కాగితం ఆ రిజిస్టర్ ఒక్కటే. దాన్ని వాళ్ళ కోసం రాయలేదు. అందుకే దాని చరిత్ర మనం రాసుకోవాలి.

రెండు పుస్తకాలు

మన జైళ్ళకి మూల చట్టం బ్రిటిష్ వాడు 1894లో చేసిన ప్రిజన్స్ యాక్టు. అందులో 12వ సెక్షన్ జైలు సూపరింటెండెంట్ ఏయే రికార్డులు ఉంచాలో చెబుతుంది. లోపలికొచ్చిన ఖైదీల రిజిస్టర్, విడుదల తేదీల పుస్తకం, శిక్షల పుస్తకం, ఖైదీల దగ్గర తీసుకున్న డబ్బు, వస్తువుల లెక్క. వాటితోపాటు సందర్శకుల పుస్తకం ఒకటి. పేరు చూసి ఇది మా నాయనమ్మ వేలిముద్ర వేసిన పుస్తకం అనుకుంటాం. అది వేరే. జైలు పాలన గురించి సందర్శకులు తమ అభిప్రాయాలు రాయడానికి పెట్టిన పుస్తకమది. అంటే ఆ చట్టం భాషలో 'సందర్శకుడు' అంటే తనిఖీకి వచ్చే జడ్జి, కలెక్టర్, సర్కారు నియమించిన ఊరి పెద్దమనిషి. అతను సంతకం పెట్టి 'భోజనం బాగుంది' అనో 'బాగులేదు' అనో రాస్తాడు. అతని మాటకి జవాబు చెప్పుకోవాల్సింది జైలు.

ఖైదీని చూడొచ్చిన మనిషి సంగతి 40, 41 సెక్షన్లలో ఉంది. శిక్ష పడని ఖైదీలు ఎవరిని కలవాలనుకుంటారో వాళ్ళని తగిన వేళల్లో, తగిన ఆంక్షలతో రానివ్వాలని 40వ సెక్షన్ అంటుంది. విచారణ ఖైదీ తన వకీలుని, న్యాయ ప్రయోజనాలకి భంగం కలగనంత వరకు, మూడో మనిషి లేకుండా కలిసే ఏర్పాటు కూడా అందులోనే ఉంది. 41వ సెక్షన్ ప్రకారం జైలర్ వచ్చినవాళ్ళ పేరు, చిరునామా అడగొచ్చు, అనుమానం వస్తే సోదా చేయొచ్చు. సోదాకి ఒప్పుకోకపోతే లోపలికి రానివ్వకపోవచ్చు. సోదా చేసేటప్పుడు వేరే ఖైదీ గానీ వేరే సందర్శకుడు గానీ ఎదుట ఉండకూడదని కూడా రాశారు. ఒంటి మీద సోదా పరువుకి సంబంధించిన విషయమని 1894లోనే వాళ్ళకి తెలుసన్నమాట. కానీ తీసుకున్న పేరు, చిరునామా ఎవరికి చూపించాలి, ఎవరికి చూపించకూడదు, ఎన్నేళ్ళు ఉంచాలి అన్నదాని గురించి ఆ సెక్షన్‌లో ఒక్క ముక్క లేదు.

పెద్దమనిషి పుస్తకంలో రాసింది జైలుని ప్రశ్నించడానికి. పేదమనిషి రిజిస్టర్లో రాసింది అతన్ని ప్రశ్నించడానికి. ఈ రెండు పుస్తకాల తేడాలో మన సమాజం మొత్తం కనపడుతుంది.

వకీలుకి ఉన్న రక్షణ కూడా గమనించాలి. కక్షిదారు తన వకీలుతో చెప్పుకున్న మాట బయటపెట్టకూడదని 1872 సాక్ష్య చట్టమే చెప్పింది. ఆ చట్టం స్థానంలో 2024 జులైలో అమల్లోకొచ్చిన కొత్త చట్టం కూడా అదే అంటుంది. కానీ మన పల్లెల్లో అరెస్టయిన మనిషికి మొదటి వకీలు అతని తల్లి. జామీనుకి ఎవర్ని అడగాలి, పట్టా కాగితం ఎక్కడుంది, ఎవరు సాక్ష్యానికొస్తారు అన్నవి అన్నీ అతను ఆమెతోనే చెప్పుకోవాలి. ఆ మాటకి చట్టంలో రహస్యం లేదు. ఆమె వచ్చిందన్న సంగతికీ లేదు.

పట్టీలో ఎక్కించే అలవాటు

రిజిస్టర్ అన్నది మనకి కొత్త కాదు. 1871లో క్రిమినల్ ట్రైబ్స్ యాక్టు వచ్చింది. ఒక కులాన్నో తెగనో నేరస్తులుగా ప్రకటిస్తే ఆ మనుషులందరి పేర్లూ రిజిస్టర్లో ఎక్కించేవాళ్ళు. ఆ ప్రకటనని కోర్టులో ప్రశ్నించడానికి వీల్లేకుండా చేశారు. 1911లో ఆ చట్టాన్ని తిరగరాసి మద్రాసు ప్రెసిడెన్సీకి కూడా వర్తింపజేశారు. ఎరుకల వాళ్ళని తెచ్చిపెట్టిన స్టూవర్టుపురం సెటిల్‌మెంట్ ఆ చట్టం పుట్టించిందే. అక్కడ మనిషి ఏ నేరం చేశాడని ఎవరూ అడగలేదు. ఎవరికి పుట్టాడు, ఎవరితో తిరుగుతాడు అన్నదే నేరం. ఆ చట్టం 1952లో రద్దయింది. కానీ మనుషుల్ని కాకుండా వాళ్ళ చుట్టరికాల్ని అనుమానించే పద్ధతి రద్దు కాలేదు. అది పోలీసు స్టేషన్లో హిస్టరీ షీటుగా మిగిలింది.

ఈ దేశంలో వ్యక్తిగత గోప్యత అనే హక్కు చరిత్ర హిస్టరీ షీటు దగ్గరే మొదలవుతుందని మన విద్యార్థులకి ఎవరూ చెప్పరు. ఉత్తరప్రదేశ్‌లో ఖరక్ సింగ్ అనే ఆయన్ని బందిపోటు కేసులో పట్టుకున్నారు. సాక్ష్యం లేక వదిలేశారు. వదిలేసి, ఆయన పేరిట హిస్టరీ షీటు తెరిచారు. ఇంటి దగ్గర రహస్యంగా కాపలా కాయడం, రాత్రిళ్ళు తలుపు తట్టడం, ఆయన అలవాట్లు, సావాసాలు, రాబడి, ఖర్చు గురించి ఆరా తీసి రాసుకోవడం అన్నీ పోలీసు నిబంధనల్లో ఉన్నవే. 1962లో సుప్రీంకోర్టు రాత్రిపూట ఇంటిమీదికి పోవడాన్ని మాత్రం కొట్టేసింది. గోప్యత మన రాజ్యాంగంలో ప్రాథమిక హక్కు కాదని చెప్పి మిగతావన్నీ ఉండనిచ్చింది. ఆ మాట తప్పని తొమ్మిది మంది జడ్జీల ధర్మాసనం చెప్పడానికి 2017 ఆగస్టు దాకా పట్టింది. పుట్టస్వామి తీర్పు అంటే మధ్యతరగతి వాళ్ళకి ఆధార్ కార్డు గుర్తొస్తుంది. మనకి మాత్రం కేసు నిలవక వదిలేసిన ఒక మనిషి ఇంటి తలుపు గుర్తుకు రావాలి.

'సావాసాలు' అన్న ఆ గడి దగ్గర ఆగుదాం. స్టేషన్ వాడు ఒక మనిషి సావాసాలు తెలుసుకోవాలంటే ఇంటి ముందు కాపలా కాయాలి, పదిమందిని అడగాలి. అదే మనిషి జైల్లో ఉంటే ఆ శ్రమే అక్కర్లేదు. సావాసగాళ్ళు వాళ్ళంతట వాళ్ళే బస్సెక్కి వచ్చి, వరసలో నిలబడి, పేరూ ఊరూ చెప్పి రాయించుకుంటారు.

కలుసుకునే హక్కు వచ్చింది, కానీ...

ఎమర్జెన్సీ తర్వాత కోర్టులు జైలు గోడల లోపలికి చూశాయి. 1979లో బీహారు జైళ్ళలో ఏళ్ళ తరబడి విచారణ లేకుండా మగ్గుతున్నవాళ్ళ గురించి హుస్సేనారా ఖాతూన్ కేసులో సుప్రీంకోర్టు మాట్లాడింది. పడే శిక్ష కన్నా ఎక్కువ కాలం విచారణ ఖైదీలుగా ఉన్నవాళ్ళు వాళ్ళల్లో ఉన్నారు. 1979 డిసెంబర్‌లో సునీల్ బాత్రా రెండో కేసులో, ఇంటివాళ్ళు, స్నేహితులు వచ్చి చూసిపోవడం ఖైదీకి ఒంటరితనంలో ఊరట అని గుర్తించింది. 1981లో ఫ్రాన్సిస్ కోరలీ ముల్లిన్ కేసులో ఇంకొంచెం ముందుకెళ్ళింది. తీహార్‌లో నిర్బంధంలో ఉన్న ఆమెకి కూతుర్ని నెలకొకసారే చూడనిచ్చేవాళ్ళు. విచారణ ఖైదీలకి వారానికి రెండుసార్లు ములాఖత్ ఉన్నప్పుడు ఈమెకి నెలకొకసారేమిటని కోర్టు అడిగింది. కుటుంబాన్నీ వకీలునీ కలుసుకోవడం 21వ అధికరణంలో ఉన్న జీవించే హక్కులో భాగమని చెప్పింది.

ఇవి మంచి తీర్పులు. వీటిని తక్కువ చేయడం లేదు. కానీ వీటిలో హక్కు లోపలున్న మనిషిది. బయట నుంచి వచ్చే మనిషి ఆ హక్కుకి సాధనం మాత్రమే. వచ్చిన పాపానికి అతనికేమవుతుందని ఆ రోజుల్లో ఎవరూ అడగలేదు. వారానికి రెండు ములాఖత్‌లు కాగితం మీదుండొచ్చు. వచ్చినవాడి ఇంటికి పోలీసు పోతాడంటే ఆ రెండూ సున్నాతో సమానం. ఈ సంగతి మా చిన్నాయనకి తెలుసు.

రిజిస్టరే సాక్షి అయిన కేసు

ఇదంతా పల్లె జనం భయమేనని అనుకునేవాళ్ళు రాయపూర్ కేసు చూడాలి. మావోయిస్టు నాయకుడు నారాయణ్ సన్యాల్‌ని 2006 జనవరిలో భద్రాచలంలో అరెస్టు చేశామని పోలీసులు చెప్పారు. తర్వాత ఆయన్ని రాయపూర్ సెంట్రల్ జైలుకి తీసుకెళ్ళారు. అక్కడ ఆయన విచారణ ఖైదీ. పిల్లల డాక్టరూ పౌరహక్కుల సంఘం నాయకుడూ అయిన బినాయక్ సేన్, సన్యాల్ వైద్యం విషయంలో, కేసు విషయంలో జైలుకెళ్ళి ఆయన్ని కలిసేవాడు. మొత్తం 33 సార్లు కలిశాడని లెక్క. 2007 మే 14న సేన్‌ని అరెస్టు చేశారు. సన్యాల్ రాసిన ఉత్తరాలు జైల్లోంచి బయటికి మోసి పీయూష్ గుహా అనే వ్యాపారికి అందించాడన్నది ఆరోపణ.

ఈ 33 అన్న అంకె ఎక్కడిది? జైలు రికార్డులోది. ప్రతిసారీ దరఖాస్తు పెట్టుకుని, అనుమతి తీసుకుని, పేరు రాయించుకుని లోపలికెళ్ళినందుకే ఆ అంకె పుట్టింది. బంధువునని చెప్పుకుని వెళ్ళాడని ప్రాసిక్యూషన్ వాదించింది. పౌరహక్కుల సంఘం పేరు మీదే దరఖాస్తులు పెట్టానని సేన్ వాదించాడు. ములాఖత్‌లు జైలు సిబ్బంది ఎదుటే జరిగాయని జైలు అధికారులే కోర్టులో చెప్పారు. అయినా 2010 డిసెంబర్ 24న రాయపూర్ సెషన్స్ కోర్టు రాజద్రోహం కింద యావజ్జీవ శిక్ష వేసింది. 2011 ఏప్రిల్ 15న సుప్రీంకోర్టు బెయిలిస్తూ, గాంధీ ఆత్మకథ దగ్గరున్నంత మాత్రాన మనిషి గాంధేయవాది అయిపోడు కదా అని అడగాల్సొచ్చింది.

ఈ కేసులో రెండు విషయాలు కలిసి ఉన్నాయి. బహిరంగంగా, చట్టప్రకారం చేసిన పనిని రిజిస్టర్ నేరానికి సాక్ష్యంగా మార్చింది. అదే రిజిస్టర్, అదే జైలు సిబ్బంది మాట ఆయన దొంగచాటుగా ఏమీ చేయలేదని చెప్పడానికి కూడా పనికొచ్చింది. అంటే రిజిస్టరే లేకుండా పోవాలని మనం అడగలేం. ఫలానా తేదీన మా అన్నని చూశాను, ఒంటి మీద దెబ్బలున్నాయి అని రేపు ఒక చెల్లెలు కోర్టులో చెప్పాలంటే ఆ రోజు ఆమె వచ్చినట్టు రికార్డుండాలి. ములాఖత్ ఇవ్వకుండా తిప్పి పంపారని రుజువు చేయాలన్నా రికార్డే కావాలి. కాబట్టి అడగాల్సింది ఆ రికార్డు తాళం ఎవరి చేతిలో ఉండాలన్నది.

ఇంకో మాట కూడా ఉంది. సేన్‌కి దేశదేశాల్లో మిత్రులున్నారు, ఆయన కోసం నోబెల్ బహుమతి గ్రహీతలు ఉత్తరాలు రాశారు. అది జరగాల్సిందే. కానీ 2022 చివరికి ఈ దేశపు జైళ్ళలో ఉన్న 5,73,220 మందిలో 4,34,302 మంది విచారణ ఖైదీలే. నూటికి డెబ్బై అయిదు మంది పైమాటే. ఆ విచారణ ఖైదీల్లో దాదాపు ఐదో వంతు షెడ్యూల్డు కులాల వాళ్ళు. 2011 జనాభా లెక్కల్లో మనం నూటికి 16.6 మంది. ఆ నాలుగు లక్షల మందిని చూడొచ్చే తల్లుల పేర్లు ఏ కోర్టు తీర్పులోకీ ఎక్కవు. వాళ్ళ దగ్గరికి స్టేషన్ మనిషి వచ్చి అడిగిపోయిన సంగతి ఏ కాగితంలోనూ ఉండదు.

పెద్దవాళ్ళ గోప్యత, మన గోప్యత

ఇక్కడ మన మిత్రులే ఒక అభ్యంతరం చెబుతారు. ములాఖత్ రికార్డులు రహస్యమంటే పెద్దవాళ్ళకే లాభం కదా అని. ఈ మాటని కొట్టిపారేయలేం. 2017లో బెంగళూరు పరప్పన అగ్రహార జైల్లో శిక్ష అనుభవిస్తున్న శశికళని నిబంధనలకి మించి మనుషులు వచ్చి కలుస్తున్నారని సమాచార హక్కు చట్టం వల్లే లోకానికి తెలిసింది. జైల్లో డబ్బున్నవాడికొక గేటు, లేనివాడికొక గేటు ఉందని రుజువు చేయాలంటే ఆ లెక్కలు బయటికి రావాలి.

అయితే ఇప్పటి చట్టం ఏం చేసిందో చూడండి. 2005 సమాచార హక్కు చట్టంలో వ్యక్తిగత సమాచారం ఇవ్వక్కర్లేదంటూనే, విశాల ప్రజాప్రయోజనం ఉంటే ఇవ్వాలని 8(1)(జె) సెక్షన్‌లోనే షరతు ఉండేది. 2023 డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం ఆ సెక్షన్‌ని కత్తిరించి, వ్యక్తిగత సమాచారం అంటే చాలు, ఇవ్వనక్కర్లేదన్నట్టు మార్చింది. ప్రజాప్రయోజనం సంగతి చూసే 8(2) ఇంకా ఉందని సర్కారు అంటోంది. కానీ అది అధికారి తూకానికి వదిలిన విషయం. అదే 2023 చట్టం 17వ సెక్షన్‌లో, నేరాల్ని నివారించడానికీ దర్యాప్తు చేయడానికీ వాడే సమాచారానికి చాలా బాధ్యతల నుంచి మినహాయింపిచ్చింది. రెండూ కలిపి చదివితే అర్థమేమిటి? జైల్లో పెద్దమనిషిని ఎవరు కలిశారో జనం అడిగితే గోప్యత అడ్డొస్తుంది. మా నాయనమ్మ ఎవరిని కలిసిందో పోలీసు అడిగితే గోప్యత అడ్డు రాదు. 1894 నాటి రెండు పుస్తకాలూ కొత్త అట్టలేసుకుని మన ముందుకొచ్చాయి.

పైగా ఇప్పుడు రిజిస్టర్ బల్ల మీది కాగితం కాదు. ఈ-ప్రిజన్స్, ఈ-ములాఖత్ వచ్చాయి. వచ్చేవాళ్ళు పేరు, చిరునామా, ఫోన్ నంబరు, గుర్తింపు కార్డు వివరాలు కంప్యూటర్లో ఎక్కించాలి. దూరం నుంచి వీడియోలో మాట్లాడే వీలు కూడా వచ్చింది. బస్సు ఛార్జీ లేని తల్లికి అది మేలే. కానీ పాత రిజిస్టర్లో మా మేనమామ పేరు వెతకాలంటే ఒక మనిషి పేజీలు తిప్పాలి. ఇప్పుడు మీట నొక్కితే చాలు.

కులం గడి పోయాక

2024లో రెండు తీర్పులు మనకి చేతికర్రలాగా దొరికాయి. మే నెలలో అమానతుల్లా ఖాన్ కేసులో సుప్రీంకోర్టు హిస్టరీ షీట్ల గురించి మాట్లాడింది. అది పోలీసుల లోపలి కాగితం, బయటపెట్టకూడదంది. నేరంతో సంబంధం లేని మైనర్ బంధువుల వివరాలు అందులో రాయకూడదంది. వెనుకబడిన కులాల, షెడ్యూల్డు కులాల, తెగల అమాయకుల మీద యాంత్రికంగా షీట్లు తెరుస్తున్నారన్న విషయాన్ని తనంతట తానే ప్రస్తావించి, అన్ని రాష్ట్రాలూ చూసుకోవాలంది. అక్టోబర్ 3న సుకన్య శాంత కేసులో, జైలు రిజిస్టర్లలో విచారణ ఖైదీలకైనా శిక్ష పడ్డవాళ్ళకైనా కులం గడి ఉండకూడదని ఆదేశించింది. కులాన్ని బట్టి జైల్లో పాకీపని అప్పగించే నిబంధనలు రాజ్యాంగ విరుద్ధమంది. ఒక విలేకరి ఏళ్ళ తరబడి జైళ్ళ గురించి రాసి, ఆ తర్వాత కోర్టుకెక్కితే వచ్చిన తీర్పిది.

కులం గడి పోవడం గొప్ప గెలుపు. కానీ గేటు దగ్గర అడిగే ప్రశ్న గడిలో లేదు, నోట్లో ఉంది. "ఊళ్ళోనా, పల్లెలోనా?" అంటే చాలు. తండ్రి పేరు, వీధి పేరు, కాలనీ పేరు కులాన్ని చెప్పేస్తాయి. అందుకని ఖైదీ రిజిస్టర్‌తో ఆగకుండా చూడొచ్చినవాళ్ళ రిజిస్టర్ దాకా ఈ తీర్పుల వెలుగు రావాలి. హిస్టరీ షీటులో చుట్టాల పేర్లు రాయకూడదన్న తర్కమే ములాఖత్ రిజిస్టర్‌కీ వర్తించాలి.

మనం అడగాల్సినవి పెద్ద కోరికలేమీ కావు. విచారణ ఖైదీని కలవడానికొచ్చినవాళ్ళ పేర్లు జైలు దాటి బయటికి పోవాలంటే కోర్టు రాతపూర్వక ఆదేశం ఉండాలి. ఎవరు, ఏ రోజు, ఎందుకు చూశారో ఆ రికార్డులోనే రాయాలి. ఎవరి పేరైనా తీసిచ్చారంటే ఆ మనిషికి ఆ సంగతి తెలియజేయాలి. కేసు కొట్టేసిన తర్వాత ఆ పేర్లు ఎన్నాళ్ళుంచుతారో చట్టంలో ఉండాలి. ఖైదీకీ అతని వకీలుకీ మాత్రం తమ ములాఖత్ రికార్డు నకలు ఎప్పుడడిగితే అప్పుడివ్వాలి. ఎన్ని ములాఖత్‌లు అడిగారు, ఎన్నిచ్చారు, ఎన్ని తిప్పికొట్టారు, ఎవరికి నిబంధన మించి ఇచ్చారు అన్న లెక్కలు పేర్లు లేకుండా జనానికి ప్రకటించాలి. అధికారమూ డబ్బూ ఉన్న ఖైదీకి నిబంధన మించి ఇచ్చారని తేలిన చోట ప్రజాప్రయోజనం కింద పేర్లు కూడా రావాలి.

పల్లెల్లో పనిచేసే మిత్రులకి ఒక విన్నపం. అరెస్టు జరిగిన రోజు వకీలు కోసం పరుగెత్తినట్టే, ములాఖత్‌కి పోయొచ్చిన వాళ్ళ దగ్గర కూడా కూర్చోండి. గేటు దగ్గర ఏమడిగారు, ఏం రాసుకున్నారు, తర్వాత ఇంటికి ఎవరైనా వచ్చారా అని తేదీతో రాసి పెట్టండి. జైలు దగ్గర మన పేర్ల రిజిస్టర్ నూట ముప్పై ఏళ్ళుగా ఉంది. మన దగ్గర ఒక నోటు పుస్తకం కూడా లేదు. ఇది రాయడానికి నేను మా మేనమామని అడిగితే, ఆ వచ్చిన పోలీసు ఏ వారమొచ్చాడో కూడా ఆయనకి గుర్తులేదు. భయం మాత్రం గుర్తుంది.